తేలిక పీరియడ్లు

బుల్లి వాళ్ళమ్మకు కోపం అంత సులువుగా రాదు. పొద్దున లేస్తే ఆస్పత్రి ల్యాబులో జనం చేతుల్లోంచి రక్తం తీసే ఉద్యోగం ఆమెది. సూదిని చూసి ఏడ్చేవాళ్ళనీ, తిట్టేవాళ్ళనీ, మీద పడి కొట్టినంత పని చేసేవాళ్ళనీ అందరినీ చిరునవ్వుతోనే ఊరడించి పంపిస్తుంది. అంత ఓర్పుగల మనిషికి ఆ రోజు స్కూల్లో పెద్ద మేడమ్ గదిలో కూర్చున్నాక అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కక ఏం చేస్తుంది?

గదిలో కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. బల్ల మీద బిస్కట్లు, మూతలు పెట్టిన మంచినీళ్ళ గ్లాసులు. మధ్యలో పెద్ద మేడమ్. ఆవిడ పక్కన కౌన్సెలర్. ఆ పక్కన బుల్లికి చదవడం నేర్పే రీడింగ్ టీచరు, నత్తి తగ్గించడానికి వచ్చే స్పీచ్ టీచరు, చేతివేళ్ళకు బలం రావడానికి కసరత్తులు చేయించే కుర్రాయన. ఆయన్ని అందరూ చేతుల మాస్టారంటారు. తలుపు పక్కన, పిలవకుండా వచ్చిన చుట్టంలా ముడుచుకుని క్లాసు టీచరు.

కౌన్సెలర్ గొంతు తేనె పూసినట్టుంటుంది. ఇన్నాళ్ళూ అందరం ఒక్కటిగా పనిచేశామనీ, పాప ఇప్పుడు కూడబలుక్కుని చదువుతోందనీ, పెన్సిల్ గట్టిగా పట్టుకుంటోందనీ ముందుగా మంచి మాటలన్నీ చెప్పింది. తరవాత గొంతు ఇంకాస్త మెత్తబరిచి అసలు సంగతికి వచ్చింది. పాప క్లాసులో కలవడం లేదట. ఒక్క స్నేహితురాలూ లేదట. ఇంటర్వెల్‌లో గోడకానుకుని నిలబడుతుందట. పక్కన కూర్చునేది ఎవరని అడిగితే చెప్పలేకపోయిందట.

"ఇలాంటి పిల్లలు వాళ్ళలాంటి వాళ్ళ మధ్య ఉంటేనే హాయిగా ఉంటారమ్మా. అందరం మాట్లాడుకునే అనుకున్నాం" అంది.

అంటే వచ్చే ఏడు బుల్లికి ఈ స్కూల్లో చోటు లేదన్నమాట. ఊరికి ఆ చివర, ఫ్యాక్టరీలు దాటాక ఒక ప్రత్యేక బడి ఉందనీ, అక్కడ ఒక సీటు అట్టిపెట్టమని చెప్పామనీ, శుక్రవారంలోగా సరేనంటే మిగతావన్నీ తామే చూసుకుంటామనీ పెద్ద మేడమ్ అంది. పైగా బస్సు ఇంటి ముందుకే వస్తుందట. బిస్కట్లు తీసుకోండమ్మా అని కూడా అంది.

బుల్లి వాళ్ళమ్మ బిస్కట్ తీసుకుంది. తీసుకుని, ఎందుకు తీసుకున్నానా అని తన మీద తనకే ఒళ్ళు మండి, చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఆలోచించుకుని చెబుతానని లేచి, అలవాటు కొద్దీ అందరికీ థాంక్స్ చెప్పి బయటికి వచ్చింది.

ఆ థాంక్స్ కథ ఒకటుంది. బుల్లికి తొమ్మిదేళ్ళు. ఒకటో క్లాసులో "మ"కీ "య"కీ తేడా తెలియక, పలకబోతే మాట గొంతులో అడ్డం పడి, పెన్సిల్ పట్టుకోబోతే జారిపోయి, పిల్ల రోజూ ఏడుస్తూ ఇంటికి వచ్చేది. బద్ధకమని ఒకరన్నారు, గారాబమని ఒకరన్నారు. బుల్లి వాళ్ళ నాన్న లారీ మీద వెళితే వారానికి గానీ రాడు. ఈవిడే డ్యూటీ దిగి, కాళ్ళరిగేలా తిరిగి, అడిగినవాళ్ళనే మళ్ళీ మళ్ళీ అడిగి, ఒక్కొక్కరినీ సంపాదించుకుంది. ముందు రీడింగ్ టీచరు, తరవాత స్పీచ్ టీచరు, ఆ తరవాత చేతుల మాస్టారు, చివరికి కౌన్సెలర్. ఒక్కొక్కరు సరేనన్నప్పుడల్లా కళ్ళనీళ్ళు పెట్టుకుని థాంక్స్ చెప్పింది. పిల్లకి కూడా నేర్పింది: ఎవరు పిలిచినా వెంటనే వెళ్ళాలి, మారాం చేయకూడదు, థాంక్స్ చెప్పాలి.

స్కూలుకీ దీనివల్ల మంచి పేరే వచ్చింది. కింద ఓ మూల గదికి లేతపచ్చ రంగు వేయించి, తలుపు మీద "అందరం కలిసి" అని అందంగా రాయించారు. ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే ముందు ఆ గదే చూపిస్తారు. ఒక్కటి మాత్రం న్యాయంగా చెప్పుకోవాలి. ఆ నలుగురిలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. చెడ్డవాళ్ళయితే మొదటి వారమే పోట్లాడి తేల్చుకునేది, ఇంతదూరం వచ్చేదే కాదు.

సరే, గదిలోంచి వచ్చి పిల్లని తీసుకుపోదామని క్లాసుకి వెళ్ళింది. ఆటలాడుకుని వచ్చిన పిల్లలు చెమటలు కక్కుతూ, ఒకరి మీద ఒకరు నీళ్ళు చిలకరించుకుంటూ, సంచులు సర్దుకుంటున్నారు. బుల్లి కనిపించలేదు. ముందు బెంచీలో రెండు జడల పిల్లని పిలిచి, బుల్లి అసలు పేరు చెప్పి, ఎక్కడుందని అడిగింది. ఆ పిల్ల కాసేపు తడబడింది. తరవాత మొహం వెలిగింది.

"ఓ, వెళ్ళొస్తానా?"

అదేం పేరమ్మా అంది ఈవిడ. ఎప్పుడూ "వెళ్ళొస్తా టీచర్" అని వెళ్ళిపోతుంది కదా, అందుకని అందరం అలాగే పిలుస్తామంది. ఆ పిల్ల మాటలో వెక్కిరింత లేదు. అవతల గోడ తెల్లగా ఉందన్నంత మామూలుగా చెప్పింది.

"మీతో ఆడుకోదా?"

"ఆటలప్పుడు ఉండదాంటీ."

"పాటలప్పుడో?"

"అప్పుడూ ఉండదు. కథలప్పుడూ, బొమ్మలప్పుడూ కూడా ఉండదు." ఆ పిల్ల బుగ్గ మీద వేలు పెట్టుకుని ఆలోచించింది. "లెక్కలప్పుడు ఉంటుందాంటీ. కానీ అప్పుడు మాట్లాడుకోకూడదు కదా."

 ఈవిడ బుల్లి బెంచీ ఎక్కడని చూస్తే ఆఖర్న, తలుపును ఆనుకుని ఉంది. అటూ ఇటూ వెళ్ళేటప్పుడు పాఠానికి అడ్డం రాకుండా అక్కడ వేశారు. ఆ బెంచీలో ఇంకెవరూ కూర్చోరు. పక్కన కూర్చునేది ఎవరో పిల్ల చెప్పలేకపోయిందట! గోడ పేరు చెప్పమంటారా?

అక్కడినుంచి నేరుగా పచ్చగదికి వెళ్ళింది. బుల్లి చిన్న కుర్చీలో కూర్చుని రబ్బరు బంతిని పిసుకుతోంది. చేతుల మాస్టారు ఇంకా పైన బిస్కట్లు తింటూనే ఉన్నాడు కాబోలు, ఆయన వచ్చేదాకా పిసుకుతూ ఉండమన్నాడట. మైదానంలో క్లాసంతా ఇంతసేపూ బంతి విసురుకుంటూ, పట్టుకుంటూ కేకలు పెడుతుంటే, చేతికి బలం రావాలని ఈ పిల్లని నాలుగ్గోడల మధ్య కూర్చోబెట్టి చేతిలో బంతి పెట్టారు. ఆ తెలివికి ఏ పేరు పెట్టాలో ఆవిడకి తోచలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అత్తగారి ముందు అంతా వెళ్ళగక్కింది. ఆ అత్తగారు నోరున్న మనిషి. కోడలి మీద ఆ నోరు ఎన్నిసార్లు చేసుకుందో లెక్క లేదు గానీ, మనవరాలి జోలికొస్తే ఊరినంతా కడిగేస్తుంది. అంతా విని, "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదేనే అమ్మాయ్" అంది. "పదిమందిలో పాము చావదని ఊరికే అన్నారా? ఒకడు తల మీద కొట్టాడనుకుని ఇంకొకడు, తోక మీద కొట్టాడనుకుని మరొకడు. మధ్యలో కాలు విరిగింది మన పిల్లకి."

అప్పుడు ఇద్దరూ కూర్చుని వారమంతా పిల్ల నోట చెప్పించారు.  నత్తి ఉన్న పిల్ల బుల్లి, మాటకు మాట తడబడే పిల్ల, పాట అందుకుంటే మాత్రం ఎక్కడా ఆగదు. స్నానాల గదిలో తలుపేసుకుని పాడుతుంటే వీధిలోకి వినబడుతుంది. స్పీచ్ టీచరు తీసుకున్నది సరిగ్గా పాటల పీరియడే. లైబ్రరీలో అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చదివి వినిపించే పీరియడ్ రీడింగ్ టీచరుకి పోయింది. ఆటలు చేతుల మాస్టారికి. రంగులూ బొమ్మలూ కౌన్సెలర్‌కి. ఆ గంటలో ఆవిడ బుల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకు స్నేహితులు ఎందుకు లేరమ్మా అని అడుగుతుంది.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అని పిల్లని కసిరింది. కసరడం తప్పే, కానీ కోపం దారి చూసుకుని పోదు కదా. బుల్లి పెదవులు చాలాసేపు కదిలాయి.

"నువ్వే కదమ్మా... ఎ... ఎవరు పిలిచినా వెళ్ళమన్నావు."

బుల్లి వాళ్ళమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలన్నీ తోమినవే అయినా మళ్ళీ తోమింది. చప్పుడు పక్కింటిదాకా వినిపించింది. అత్తగారు ఆ పూటకి ఒక్క మాట కూడా అనలేదంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోండి.

మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టి, కబురు పెట్టి మరీ అందరినీ కూర్చోబెట్టించింది. అవే కుర్చీలు, అవే బిస్కట్లు. ఈసారి ముట్టుకోలేదు. ఒక్క సంగతి అడుగుతాను, ఒక్కొక్కరూ చెప్పండి, మా పిల్లని ఏ పీరియడ్‌లో తీసుకెళ్తున్నారు, అంది.

స్పీచ్ టీచరు పాటల పీరియడ్ అంది. పాఠాలు పోకూడదని ఏరికోరి తేలిక పీరియడ్ తీసుకున్నానని, అది తన మంచితనమన్నట్టు చెప్పింది. కథల పీరియడ్ అంది రీడింగ్ టీచరు. ఆమె కూడా తేలికదే చూసుకుందట. ఆటల పీరియడ్ అనబోయిన చేతుల మాస్టారు "ఆటల" అన్నాక ఆగిపోయాడు. తన నోటి మాట తన చెవికే అప్పుడు తగిలినట్టుంది. కౌన్సెలర్ బొమ్మల పీరియడ్ అని చెప్పి నీళ్ళు తాగింది. నెలనెలా ఇదే గదిలో కూర్చుని, పిల్ల ఎంత మెరుగైందో ఎవరికి వారు చెప్పుకుని లేచిపోయేవాళ్ళే గానీ, నువ్వెప్పుడు తీసుకెళ్తున్నావని ఒకరినొకరు అడిగిన పాపాన పోలేదు. వారమంతా ఆ పిల్లతో ఉన్నది ఆ పిల్ల ఒక్కతే.

"మీరందరూ చదువుకున్నవాళ్ళు, మా పిల్ల మంచి కోరేవాళ్ళు. కాదనను" అంది బుల్లి వాళ్ళమ్మ.   "నవ్వుకోవడానికి, ఆడుకోవడానికి, పక్కదాన్ని గిల్లడానికి క్లాసులో వీలయ్యే గంటలు ఏవున్నాయో అవన్నీ నలుగురూ పంచేసుకున్నారు. నోరు మూసుకుని కూర్చునే గంటలు మాత్రం దానికి మిగిల్చారు. ఇప్పుడు స్నేహితులు లేరని దాన్నే బయటికి పొమ్మంటున్నారు. మనిషన్నవాడికి ఇంతకంటే అన్యాయం ఎవరైనా చేస్తారా?"

 పెద్ద మేడమ్ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, మీ బాధ అర్థమైందమ్మా అంది. వచ్చే ఏడు మిగతా పిల్లల విషయంలో ఇది తప్పకుండా దృష్టిలో పెట్టుకుంటారట. మిగతా పిల్లల విషయంలో! టీచర్లు క్లాసులోకి వచ్చి నేర్పితే మిగతావాళ్ళ ధ్యాస చెదురుతుందనీ, తల్లిదండ్రులు ఊరుకోరనీ, అయినా ఇంత శ్రద్ధగా ఆ పచ్చగది ఏర్పాటు చేసింది ఎందుకనీ అంది.

ఇన్నాళ్ళూ నోరు విప్పని క్లాసు టీచరు అప్పుడు మాట్లాడింది. ఆవిడకీ ఏదో చెప్పుకోవాలనే ఉన్నట్టుంది.

"నన్ను తప్పుగా అనుకోకండమ్మా. ఎప్పుడూ ఉండదు కదా అని ఏ గుంపులోనూ వేయలేదు, ఏ పనీ అప్పజెప్పలేదు. ఇప్పుడు ఉంటానంటే ఎక్కడ కూర్చోబెట్టను?"

పుండు మీద కారం అంటే అది. బుల్లి వాళ్ళమ్మ ఆవిడ వంక చూసిన చూపుకి క్లాసు టీచరు తల దించుకుంది.

"పిల్లల మధ్య" అంది బుల్లి వాళ్ళమ్మ. "ఇంకెక్కడ?"

రేపటినుంచి తన పిల్లని క్లాసులోంచి బయటికి తీసుకెళ్ళడానికి వీల్లేదనీ, సాయం చేయదలచినవాళ్ళు కుర్చీ పట్టుకుని లోపలికి రావచ్చనీ, ఊరవతలి బడికి పంపేది లేదనీ, ఎవరైనా చేయి పట్టుకుని లేపితే ఆ చేయి తాను పట్టుకోవాల్సి వస్తుందనీ చెప్పింది. చేతులు పట్టుకోవడం ఆవిడకి రోజూ అలవాటున్న పనే. పెద్ద మేడమ్ కనుబొమలు ముడిచి ఇదేం పద్ధతమ్మా అనబోతుంటే రీడింగ్ టీచరు అందుకుంది. ఆమె మొహం ఎర్రబడి ఉంది. తాను రేపు లైబ్రరీలో పిల్లల మధ్యే కింద కూర్చుంటానంది. ఎవరి ధ్యాస చెదురుతుందో చూద్దామంది. "నాకు ఈ బుద్ధి ముందే ఎందుకు పుట్టలేదో నాకే తెలియడం లేదు మేడమ్. మీరు వద్దంటే మాత్రం నేనూ ఆ గదిలోకి వెళ్ళను" అంది. చేతుల మాస్టారు మైదానంలో తనకు ఒక మూల చాలన్నాడు. స్పీచ్ టీచరు చేతి గుడ్డ మడతలు పెడుతూ కూర్చుంది.

అందరి మొహాలూ ఒకసారి చూసి, పెద్ద మేడమ్ ఈ టర్ము అయ్యేదాకా చూద్దామంది. ఆ ఊరవతలి సీటు సంగతి మళ్ళీ ఎత్తలేదు. గెలిచినట్టే. అయినా బుల్లి వాళ్ళమ్మ ఆ రోజు ఎవరికీ థాంక్స్ చెప్పకుండానే లేచింది.

మరుసటి రోజు ఆఖరి పీరియడ్ పాటలు. ల్యాబులో తోటి ఉద్యోగినిని బతిమాలి డ్యూటీ మార్చుకుని, ఆవిడ పాటల గది కిటికీ దగ్గర నిలబడింది. కూతురు పాడుతుంటే నలుగురూ వినాలని, ఇన్నాళ్ళూ వీళ్ళు మూగదనుకున్న పిల్ల గొంతెత్తితే ఆ మొహాలు ఎలా మారతాయో చూడాలని ఆశ. కోపం కూడా ఉంది, అది వేరే చెప్పాలా. వాళ్ళ మొహాన కొట్టినట్టు ఉండాలని ఉంది.

పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. వెనక గోడ దగ్గర స్పీచ్ టీచరు కూడా ఉంది. బుల్లిని మధ్య వరుసలో, రెండు జడల పిల్ల పక్కన నిలబెట్టారు. పాటల మాస్టారు శ్రుతి ఇచ్చాడు. అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. ఒక పాట కాగానే ఇంకొకటి, అది కాగానే మరొకటి, చేతులు ఊపుతూ, ఒకరి మొహంలోకి ఒకరు చూసి నవ్వుకుంటూ పాడారు. బుల్లి నోరు తెరవలేదు. ఒకసారి ఈ పక్క పిల్ల పెదవులూ, ఒకసారి ఆ పక్క పిల్ల పెదవులూ చూస్తూ నిలబడింది. అక్కడక్కడా ఒక మాట పట్టుకోబోయేది, అంతలో పాట ముందుకు పోయేది. బెల్లు కొట్టేదాకా అలాగే నిలబడింది.

ముందు భయపడిపోయిందేమో అనుకుంది బుల్లి వాళ్ళమ్మ. బయటికొచ్చాక చేయి పట్టుకుని, పాడలేదేమే అని అడిగింది. ఈసారి కసరలేదు.

"రాదమ్మా" అంది బుల్లి. "నేను లే... లేనప్పుడు చాలా పాటలు నేర్చేసుకున్నారు."

పిల్ల ఏడవలేదు. అలిగినట్టు కూడా చెప్పలేదు. ఇంటికి వెళ్దామా అన్నట్టు గేటు వైపు చూసింది. బుల్లి వాళ్ళమ్మకి ఊరడించే మాటలు రోజుకి వంద వస్తాయి, అప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చినా అనేది కాదు. నిన్న గెలిచానని అనుకుందే, ఏం గెలిచింది? పోయిన పాటలు ఎవరిస్తారు? పిల్ల చేయి వదలకుండా గిర్రున వెనక్కి తిరిగి, వసారాలో ఎదురొస్తున్న పిల్లల్ని తోసుకుంటూ నడిచింది.

పాటల మాస్టారు అప్పటికే గది తలుపు మూసి తాళం పెడుతున్నాడు. పక్కన స్పీచ్ టీచరు నిలబడి, పాప నోరు తెరవలేదు చూశారా, నేను చెబుతూనే ఉన్నాను అని ఆయనతో అంటోంది.

"తాళం వేయకండి" అంది బుల్లి వాళ్ళమ్మ.

మాస్టారు బెల్లు అయిపోయిందమ్మా అన్నాడు.  ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, పిల్లని శ్రుతి పెట్టె ముందు నిలబెట్టి, తాను వెనక్కొచ్చి గుమ్మంలో నిలబడింది.

"మొదటి పాటనుంచి చెప్పండి" అంది. తరవాత స్పీచ్ టీచరు వైపు తిరిగింది. "మీరూ రండి. దానికి రాని పాటలన్నీ మీ పీరియడ్‌లో పోయినవే."

మాస్టారు ఆవిడ మొహం చూసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. స్పీచ్ టీచరు చాలాసేపు గుమ్మం బయటే ఉండిపోయింది. లోపల శ్రుతి మొదలయ్యాక చెప్పులు విడిచి, తల వంచుకుని వచ్చి, బుల్లి పక్కన నిలబడింది. ఆవిడకీ ఆ పాట రాదు.